మఠపు బీరులో అరటిపండు వాసన

మా కళాశాల ప్రయోగశాలలో ప్రతి సంవత్సరమూ విద్యార్థులచేత చేయించే చిన్న ప్రయోగం ఒకటున్నది. పరీక్షనాళికలో కొద్దిగా ఐసో ఎమైల్ ఆల్కహాలు పోసి, దానికి అంతే ఎసిటిక్ ఆమ్లం కలిపి, నాలుగు చుక్కలు గాఢ గంధకికామ్లం వేసి, వేడినీళ్ళలో కొంతసేపు ఉంచాలి. తరువాత దానిని వంటసోడా కలిపిన చల్లని నీళ్ళలో కుమ్మరించగానే గది అంతా మగ్గిన అరటిగెల వాసన గుప్పుమంటుంది. మొదటి సీసా వాసన చూస్తే దగ్గు వస్తుంది. రెండవది వట్టి పులుసు వాసన. మూడవదాన్ని వాసన చూడకపోవటమే మంచిది. ఈ మూడింటిలో దేనిలోనూ లేని అరటిపండు ఎక్కడినుంచి వచ్చిందని విద్యార్థులు వెనుదిరిగి కిటికీలోంచి చూడటం నాకు అలవాటైన దృశ్యం.

ఆ వాసన గల పదార్థం ఐసో ఎమైల్ ఎసిటేటు. ఆల్కహాలూ ఆమ్లమూ కలిసి, నీటిని విడిచి, ఎస్టరు అనే కొత్త పదార్థం ఏర్పడినది. అరటిపండులో ఉన్నదీ ప్రధానంగా ఇదే.

కొన్ని ఏళ్ళ క్రితం బెల్జియం దేశంలోని లూవెన్ పట్టణానికి ఒక సమావేశం నిమిత్తం వెళ్ళినప్పుడు ఈ వాసన మళ్ళీ నాకు ఎదురైనది. అరటితోటలకు వేల మైళ్ళ దూరంలో, చలి సాయంకాలాన, ఒక గ్లాసులో నల్లని బీరులోనుంచి వచ్చింది. నేను తాగుడు ఎరిగినవాణ్ణి కాను. అతిథేయులు నొచ్చుకుంటారని రెండు గుక్కలు పుచ్చుకొన్నమాట నిజమేగాని, ఆ సాయంకాలం నేను చేసిన పని ముఖ్యంగా వాసన చూడటమే. ఈ వ్యాసం చదివి విద్యార్థులెవరూ ఆ సీసా కోసం వెదకనక్కరలేదు. అందులో తెలిసికోదగిన విషయమంతా అరటిపండు, లవంగం, పటికబెల్లం, ఎండుద్రాక్ష దగ్గర పెట్టుకొని ఇంటిలోనే తెలిసికోవచ్చును.

ఆ దేశంలో ఈ బీరును రుచి చూసేందుకు ఒక పద్ధతి ఉన్నది. దానిని మంచులో పెట్టరు. సీసా 12, 14 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉండాలంటారు. మరీ చల్లబరిస్తే వాసన పదార్థాలు ఆవిరి కాక ద్రవంలోనే ఉండిపోతాయి. గ్లాసుకు పొడుగాటి కాడ, వెడల్పు మూతి ఉంటాయి. సీసాను వంచి, మెల్లగా ధారకట్టి పోసి, చివరి అంగుళం సీసాలోనే వదిలేస్తారు. ఆ అడుగున ఉన్న మడ్డి ఏమిటో తరువాత చెబుతాను. గ్లాసును దీపానికి ఎదురుగా పెడితే నల్లగా కనిపించిన ద్రవం అంచున చిక్కటి చింతపండు పులుసులాగా ఎర్రబారుతుంది. నురుగు తెల్లగా ఉండక, పాలు తక్కువైన కాఫీ నురుగు రంగులో ఉంటుంది.

ముక్కు దగ్గర పెట్టుకొంటే మొదట పాకం వాసన. తరువాత ఎండుద్రాక్ష, అంజూరం. ఒక క్షణం ఆగితే లవంగం. ఆ వెనుక నుంచి మా ప్రయోగశాల అరటిపండు. నాలుక మీద మొదట తీపి, ఆ తరువాత రొట్టె మాడినప్పటి పెచ్చు రుచి, మింగిన తరువాత చిరుచేదు, గొంతులో వెచ్చదనం. ఆ వెచ్చదనం ఆల్కహాలుది. ఈ రకం బీర్లలో అది నూటికి 7 పాళ్ళ మొదలు 11 పాళ్ళకు పైగా ఉంటుంది.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట మనవి చేయాలి. నాలుక కొసన తీపి, పక్కల పులుపు, వెనుక చేదు తెలుస్తాయని చూపే నాలుక పటం ఎన్నో పాఠ్యపుస్తకాలలో తరతరాలుగా అచ్చవుతూ వచ్చింది. 1901లో హేనిగ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు నాలుక అంచుల వెంట సున్నితత్వంలో స్వల్పమైన తేడాలున్నవని వ్రాశాడు. 1942లో అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త ఎడ్విన్ బోరింగ్ తన పుస్తకంలో ఆ కొలతలను రేఖాచిత్రంగా గీసినప్పుడు స్వల్పమైన తేడాలు పెద్ద తేడాలుగా కనిపించాయి. పటం అక్కడినుంచి పాకింది. నిజానికి రుచిమొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. మనం రుచి అనుకొనేదానిలో పెద్ద భాగం వాసన. ఏలకి వేసిన పాయసాన్ని ముక్కు గట్టిగా మూసుకొని ఒక చెంచాడు తినిపించి చూడండి. తీపి తెలుస్తుంది, ఏలకి తెలియదు. ముక్కు వదలగానే ఏలకి వచ్చి నిలబడుతుంది. నోటిలోని ఆవిరి గొంతు వెనుకనుంచి ముక్కులోకి ఎక్కుతున్నదన్నమాట. లూవెన్‌లో నేనీ పరీక్ష ఆ బీరుతోనే చేశాను. ముక్కు మూసినంతసేపూ అది చేదు కలిసిన తీపి నీళ్ళు, బుడగల చురుకు. అంతే.

సీసా మీద తెల్లని అంగీ, నల్లని మేలుకండువా ధరించిన క్రైస్తవ సన్న్యాసి బొమ్మ ఉన్నది. ఇటువంటి బీరును మఠపు బీరు అంటారు. మా పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఇది వెయ్యేళ్ళుగా మఠాలు దాచుకొన్న రహస్యమని గర్వంగా అన్నాడు. ఆయన దేశాభిమానాన్ని తప్పుపట్టను. కాని ఆ మాట నన్ను వదలలేదు. ఈ గ్లాసులో వెయ్యేళ్ళనాటిది ఎంత? పాకం వాసన ఎప్పటిది? లవంగం ఎప్పటిది? అరటిపండు ఎవరిది?

మఠాలలో బీరు కాచటం పాతదే, సందేహం లేదు. 6వ శతాబ్దంలో సెయింట్ బెనడిక్టు సన్న్యాసులకు వ్రాసిన నియమావళి వారు తమ చేతిపనితో బ్రతకాలన్నది. రోజుకు ఇంత అని కొలిచి ద్రాక్షసారాయం పుచ్చుకోవటానికి ఒప్పుకొన్నది. ద్రాక్ష పండని ఉత్తరదేశాలలో ఆ స్థానం బీరుకు దక్కింది. స్విట్జర్లాండులోని సెయింట్ గాల్ మఠంలో నేటికీ భద్రంగా ఉన్న, సుమారు 820 నాటి ఒక మఠ నిర్మాణ పటంలో బీరు కాచే ఇళ్ళు మూడు చూపబడినవి. అయితే ఆనాటి బీరు ఎట్లా ఉండి ఉంటుంది? ఉష్ణమాపకం లేదు. యవలను మొలకెత్తించి కట్టెల మంటమీద ఆరబెట్టేవారు గనుక పొగ వాసన తప్పదు. పాత్రలలో చేరిన సూక్ష్మజీవులు ఏవో, ఎన్నో ఎవరికీ తెలియదు గనుక త్వరలోనే పులిసేది. ఆ బీరు ఈనాటి మఠపు బీరుకు ముత్తాత కావచ్చునేమోగాని, ముఖకవళికలు కలవవు.

పైగా మధ్యలో తెగిపోయిన దారం ఒకటున్నది. 1789 తరువాత ఫ్రెంచి విప్లవం మఠాలను రద్దుచేసి, ఆస్తులను జప్తుచేసి, సన్న్యాసులను వెళ్ళగొట్టింది. నార్మండీలోని లా ట్రాప్ అనే మఠంలో కఠిన నియమాలు పాటించే సన్న్యాసులుండేవారు. ట్రాపిస్టులు అనే పేరు వారికి అక్కడినుంచే వచ్చింది. అక్కడినుంచి పారిపోయినవారిలో కొందరు 1794లో ఆంట్‌వర్ప్ దగ్గర వెస్ట్‌మల్లె అనే చోట స్థిరపడ్డారు. అది 1836లో ట్రాపిస్టు మఠమైనది. ఆ సంవత్సరమే అక్కడ మొదటిసారి బీరు కాచి, డిసెంబరు 10న భోజనంలో వడ్డించారు. అది పలుచని, తియ్యని, అన్నంతోపాటు తాగే బీరు. 1856లో గోధుమవన్నె గల గట్టి బీరు ఒకటి మొదలుపెట్టారు. 1861నుంచి మఠద్వారం దగ్గర అమ్మారు. దానినే 1926లో ఇంకా గట్టిపరిచారు. ఇప్పటి వెస్ట్‌మల్లె నల్లబీరు ఆ 1926 నాటి మార్పుకు వారసురాలు. స్కూర్‌మాంట్ అనే మఠం 1850లో పుట్టింది. 1862లో బీరు మొదలుపెట్టి, దగ్గరి ఊరి పేరున చిమే అని అమ్ముతున్నది. అంటే వయస్సు లెక్క చూస్తే ఈ మఠాల బీరు మన దేశంలో రైలుబండికి దాదాపు సమకాలికం.

ఇక పాకం వాసన సంగతి. ఇది మనకు కొంత సొంత విషయం.

నల్లబీరు నలుపుకు మాడ్చిన ధాన్యం కారణమని చాలామంది అనుకొంటారు. ఇంగ్లండులోని నల్లబీర్లకు అది నిజం. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీగింజలు వేయించినట్లు మొలకధాన్యాన్ని తిరిగే పీపాలో వేయించే యంత్రానికి పేటెంటు తీసికొన్నాడు. బెల్జియం మఠాలలో అనేకం నలుపును పెద్దభాగం మరొకచోటనుంచి తెచ్చుకొన్నవి. అది కాచిన చక్కెర పాకం. దానిని వారు కాండి చక్కెర అంటారు. తెల్లని కాండి చక్కెర పలుకులు దారాలకు పట్టించి పెంచినవి. చూస్తే అచ్చంగా మన పటికబెల్లం. పేరు కూడా మనదే. సంస్కృతంలోని ఖండ శబ్దం పారసీకంలో కంద్ అయి, అరబ్బీ మీదుగా యూరపు చేరి కాండి అయినది. మనం కలకండ అంటున్న మాట ఆ కుటుంబంలోనిదే.

మాట ఇక్కడినుంచి వెళ్ళిందిగాని, బెల్జియం చక్కెర చెరకుది కాదు. 1747లో బెర్లినులో మార్‌గ్రాఫ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బీటుదుంప రసంలో ఉన్నదీ చెరకులో ఉన్నదీ ఒకే చక్కెర అని చూపించాడు. ఆయన శిష్యుడు ఆఖార్డ్ 19వ శతాబ్దపు ఆరంభంలో బీటు చక్కెర కర్మాగారం పెట్టాడు. ఇంగ్లండుతో యుద్ధంవల్ల సముద్రమార్గాన చెరకు చక్కెర రాకపోయేసరికి నెపోలియను 1811లో వేల హెక్టారులలో బీటుదుంప వేయించాడు. ఈనాటి బెల్జియం అప్పుడు ఆయన సామ్రాజ్యంలోనిది. నేల దుంపకు అనుకూలమైనది. టీనెన్ పట్టణంలోని పేరుపొందిన చక్కెర కర్మాగారం స్థాపన 1836. వెస్ట్‌మల్లెలో మొదటి బీరు కాచినది కూడా ఆ సంవత్సరమే కావటం కాకతాళీయమేగాని, నాకు గుర్తుపెట్టుకోవటానికి పనికివచ్చింది.

చక్కెర వేయటం వలన రుచిలో ఒక చిత్రం జరుగుతుంది. చూచినవారు తియ్యదనం పెరుగుతుందనుకొంటారు. ధాన్యంనుంచి వచ్చే చక్కెరలలో కొన్ని ఈస్టుకు జీర్ణం కాక మిగిలి, బీరును చిక్కగా, భారంగా చేస్తాయి. దుంప చక్కెర మొత్తం ఆల్కహాలూ బొగ్గుపులుసు వాయువూ అయిపోతుంది. అందుచేత బలం పెరిగినా బీరు పలుచగానే ఉంటుంది. తీపి లేకుండా మిగిలేది కాచిన పాకం వాసన మాత్రమే.

ఈ పాకం వాసన వెనుక రెండు రసాయన చర్యలున్నవి. చక్కెర ఒక్కటే వేడికి విరిగిపోయి రంగు మారటం ఒకటి. చక్కెరలు ఎమినో ఆమ్లాలతో కలిసి మారటం రెండవది. ఈ రెండవదానిని 1912లో ఫ్రెంచి వైద్య రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ కామియ్ మయ్యార్ కనుగొన్నాడు. ఆయన వెదుకుతున్నది వేరు. ఎమినో ఆమ్లాలను ఒకదానికొకటి అతికించే మార్గం కోసం ప్రయత్నిస్తూ, చక్కెరతో కలిపి వేడిచేస్తే ద్రవం పసుపై, ఎర్రనై, నల్లబడటం చూశాడు. అందులోని మెట్లన్నీ ఒక క్రమంలో పెట్టి చెప్పటానికి మరి నలభై యేళ్ళు పట్టింది. 1953లో అమెరికాలో జాన్ హాడ్జ్ ఆ పని చేశాడు. వేరుశనగలు వేగుతున్నప్పుడు వచ్చే వాసన, ఉల్లిపాయ ఎర్రబడినప్పటి వాసన, కాఫీపొడి వాసన అన్నీ ఈ చర్య బిడ్డలే. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే పెనం దగ్గర నిలబడినవారికి ఇంకా తేలికగా అర్థమవుతుంది. చెరకురసంలో చక్కెరతోపాటు కొద్దిగా ఎమినో ఆమ్లాలు ఉన్నవి గనుక రెండు చర్యలూ అక్కడే జరుగుతాయి. నల్లబెల్లం వాసనకూ మఠపు బీరులోని పాకం వాసనకూ చుట్టరికం ఉన్నదని నా ముక్కు చెప్పినది అబద్ధం కాదు.

బలం సంగతి శాస్త్రంకన్నా శాసనంతో ఎక్కువ ముడిపడి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత న్యాయశాఖామంత్రి ఎమిల్ వాండర్‌వెల్డె పేరుమీద 1919 ఆగస్టులో ఒక చట్టం వచ్చింది. కార్మికుల ఇళ్ళను సారాయి కూలుస్తున్నదని ఆ సోషలిస్టు నాయకుని బాధ. చట్టం ప్రకారం పానశాలలలో సారాయి పోయరాదు. దుకాణంలో కొనాలంటే ఒకేసారి రెండు లీటర్లు కొనాలి. కూలివాని చేతిలో అంత డబ్బు ఉండదు కదా! బీరు చట్టం కిందికి రాలేదు. సారాయికి అలవాటుపడిన గొంతులు గట్టి బీరువైపు మళ్ళాయి, కాచేవారు గట్టి బీరు కాచారు. ఒక్క చట్టమే అంతా చేసిందనను. కాని వెస్ట్‌మల్లె తన బీరును గట్టిపరిచిన 1926కూ, 9.5 పాళ్ళ మరొక బీరును తెచ్చిన 1934కూ ముందు ఈ చట్టం ఉన్నదన్న సంగతి మరువరాదు. మద్యాన్ని తగ్గించటానికి పుట్టిన ఆ చట్టం 1983లో రద్దయింది. అది పెంచిన గట్టి బీర్లు మాత్రం నిలిచాయి.

మిగిలినవి లవంగం, అరటిపండు. వీటికోసం సీసా అడుగు మడ్డి దగ్గరకు పోవాలి.

ఆ మడ్డి ఈస్టు. పులియటానికి కారణం ప్రాణమున్న సూక్ష్మజీవి అని 1830ల చివర కాన్యార్ లాటూర్, ష్వాన్ మొదలైనవారు అన్నప్పుడు పెద్దపెద్ద రసాయన శాస్త్రజ్ఞులు, వారిలో లీబిగ్ ముఖ్యుడు, ఎగతాళి చేశారు. 1857నుంచి లూయీ పాశ్చర్ దానిని ప్రయోగాలతో నిలబెట్టాడు. 1870, 71లలో ప్రష్యా చేతిలో ఫ్రాన్సు ఓడిపోయిన తరువాత జర్మనులను బీరులోనైనా జయించాలన్న పట్టుదలతో ఆయన బీరును చేపట్టాడంటే మనకు నవ్వు రావచ్చును. ఆయనకు బీరు రుచిపై ఇష్టం లేదు. అయినా 1876లో బీరును గురించిన గ్రంథం వెలువరించి, చెడిన బీరులో ఈస్టుతోపాటు వేరే సూక్ష్మజీవులు ఉంటాయని సూక్ష్మదర్శనిలో చూపించాడు.

పాశ్చర్ ఒకచోట ఆగాడు. ఈస్టులన్నీ ఒకటి కావు, మంచి ఈస్టులోనే చెడ్డ ఈస్టు కలిసి ఉండవచ్చునన్న సంగతి డెన్మార్కులో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ పట్టుకొన్నాడు. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బెర్గ్ బీరు యజమాని జాకబ్సెన్ 1875లో ఒక పరిశోధనశాల పెట్టాడు. మన విద్యార్థులు ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. మానం 1909లో అక్కడే పుట్టింది. జాకబ్సెన్ 1845లో మ్యూనిక్ నుంచి రెండు డబ్బాల ఈస్టును గుర్రపుబండిలో తెచ్చుకొంటూ, మజిలీ మజిలీకీ దిగి చన్నీళ్ళతో డబ్బాలను తడిపాడట. అంత కష్టపడి తెచ్చిన ఈస్టు వంశపు బీరే ఒకనాడు చెడిపోయింది. హాన్సెన్ ఈస్టు ద్రవాన్ని పలుచన చేసి, ఒక్కొక్క కణాన్ని వేరుపరచి, ఒక్క కణంనుంచి ఒక్క వంశాన్ని పెంచాడు. 1883 నవంబరులో ఆ శుద్ధమైన ఈస్టుతో కర్మాగారంలో బీరు కాచారు. జాకబ్సెన్ దానిని రహస్యంగా దాచుకోక, అడిగినవారికి ఇచ్చాడు. రహస్యం అనే మాట ఈ వ్యాసంలో పలుమార్లు వస్తున్నది గనుక ఈ విషయం చెప్పటం న్యాయం.

హాన్సెన్ పద్ధతి అడుగున పులిసే చల్లని బీర్లకు వెంటనే సరిపోయింది. బెల్జియం, ఇంగ్లండులలోని పైన పులిసే బీర్లవారు సంకోచించారు. ఒకే వంశపు ఈస్టు పెడితే తమ బీరులోని సువాసన పోతుందని వారి భయం. ఆ భయం పూర్తిగా నిరాధారమూ కాదు. 1904లో కార్ల్స్‌బెర్గ్ శాస్త్రజ్ఞుడు క్లాసెన్, పాత ఇంగ్లీషు బీర్ల ప్రత్యేక వాసనకు మరొక జాతి ఈస్టు కారణమని చూపి, దానికి బ్రెట్టనోమైసిస్, అంటే బ్రిటిషు శిలీంధ్రం, అని పేరు పెట్టాడు. బెల్జియంలోని ఓర్వాల్ మఠపు బీరుకు దాని ప్రత్యేకత ఈ ఈస్టు వల్లనే వచ్చింది.

ఈ లోపల రెండు ప్రపంచయుద్ధాలు బెల్జియం మీదుగా నడిచాయి. జర్మను సైన్యాలు ఊరూరా బీరు కాచే రాగి కాగులను ఊడదీసి పట్టుకుపోయాయి. రెండవ యుద్ధం ముగిసేసరికి చిమే మఠం తన బీరును దాదాపు మొదటినుంచీ నిర్మించుకోవలసి వచ్చింది. ఆ పని ఫాదర్ థియొడోర్ అనే సన్న్యాసి మీద పడింది. ఆయనకు తోడు నిలిచినవాడు లూవెన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ డి క్లెర్క్. బీరు రసాయనం మీద ఈయన వ్రాసిన గ్రంథం చాలాకాలం అందరికీ పాఠ్యగ్రంథమైనది. థియొడోర్ ప్రయోగశాలలో కూర్చుని ఈస్టు వంశాలను ఒక్కొక్కటి వేరుచేసి, ఒక్కొక్కదానితో పులియబెట్టి, రుచి చూసి, 1948లో ఒకదానిని ఎన్నుకొన్నాడు. నేటి చిమే బీరుకు ఆధారం ఆ ఈస్టే. డి క్లెర్క్ 1978లో మరణించినప్పుడు ఆయనను ఆ మఠంలోనే సమాధి చేశారు.

వెయ్యేళ్ళ రహస్యమన్న మాటకు నా సమాధానం ఈ 1948లో ఉన్నది. సీసా మీద బొమ్మలోని సన్న్యాసి కాగు దగ్గర గరిటె పట్టుకొని ఉంటే, నిజమైన సన్న్యాసి సూక్ష్మదర్శని ముందు కూర్చున్నాడు. నాకైతే ఈ రెండవవాడే ఎక్కువ గౌరవపాత్రుడుగా కనిపిస్తాడు. కాని ఈయన బొమ్మ సీసా మీద వేస్తే ఎవరు కొంటారు?

థియొడోర్ ఎన్నుకొన్నటువంటి ఈస్టులు ఏమి చేస్తాయి? యవలలోని ల్యూసిన్ అనే ఎమినో ఆమ్లాన్ని విరిచి ఐసో ఎమైల్ ఆల్కహాలు చేస్తాయి. దానికి ఎసిటిక్ భాగాన్ని అతికించి అరటిపండు ఎస్టరు చేస్తాయి. మేము గాఢ గంధకికామ్లంతో, వేడినీళ్ళతో చేసే పనిని ఒక ఎంజైము సాయంతో చప్పుడు లేకుండా చేస్తాయి. వెచ్చదనం పెరిగితే ఎస్టరులు పెరుగుతాయి. చల్లని బీర్లు 10 డిగ్రీల ప్రాంతంలో పులుస్తుంటే, కొన్ని మఠాలలో 20 దగ్గర మొదలై 27, 28 డిగ్రీల దాకా పోనిస్తారు. లవంగం వాసన మరొక దారిలో వస్తుంది. యవల పొట్టులో ఫెరూలిక్ ఆమ్లం ఉన్నది. ఈస్టు దానిలోనుంచి బొగ్గుపులుసు వాయువును తీసివేస్తే వినైల్ గ్వాయకాల్ మిగులుతుంది. లవంగంలోని యూజినాల్‌కు అది దగ్గరి బంధువు.

ఈస్టుకు ఈ పని వలన లాభమేమిటన్న ప్రశ్నకు జవాబు కూడా లూవెన్ నుంచే వచ్చింది. అక్కడ కెవిన్ వెర్‌స్ట్రెపెన్ పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఈస్టు ఉన్న రెండు గాజుకుప్పెలను బల్లమీద వదిలి వెళ్ళాడు. ఒకటి మామూలు ఈస్టు. రెండవదానిలో అరటిపండు ఎస్టరు చేసే జన్యువు తీసివేయబడినది. పక్క ప్రయోగశాలనుంచి తప్పించుకొన్న పండ్లఈగలు మొదటి కుప్పెలో నిండాయి, రెండవదాని జోలికి పోలేదు. ఎన్నో ఏళ్ళ తరువాత, 2014లో, ఆయన బృందం దీనిని పద్ధతిగా నిరూపించి ప్రకటించింది. ఈస్టుకు కాళ్ళు లేవు, రెక్కలు లేవు. వాసనతో ఈగను పిలిచి, దాని కాళ్ళకు అంటుకొని మరొక పండు చేరుతుంది. అయితే మఠపు సీసాలోని అరటిపండు వాసన ఈగకు వ్రాసిన ఉత్తరం. మధ్యలో మనుష్యులు విప్పి చదువుకొంటున్నారు.

పూర్వకాలపు కాచేవారికి ఇందులో పాత్రే లేదని అనటం కూడా తప్పు. 2016లో లూవెన్, గెంట్ శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి 157 రకాల ఈస్టుల జన్యువులను చదివారు. బీరు ఈస్టులు సుమారు 16, 17 శతాబ్దాలనుంచి మనిషి చేతిలో పెంపుడు జీవులుగా మారుతూ వచ్చినట్లు తేలింది. ఎక్కువ బీరు ఈస్టులలో లవంగం వాసన చేసే జన్యువులు చెడిపోయి ఉన్నవి. అక్కరలేదనుకొన్నవారు, తెలియకుండానే, ఆ వాసన లేని మడ్డిని తదుపరి కాగుకు దాచుకొంటూ వచ్చారన్నమాట. జర్మనుల గోధుమ బీరువంటి, ఆ వాసన కావాలనుకొన్నచోట, ఆ జన్యువులు నిలిచాయి. పెరుగు తోడు మిగిల్చే మన ఇల్లాలు చేసే పని ఇదే. వారికి పేర్లు లేవు, తేదీలు లేవు. వారు ఈస్టును చూడలేదు, రుచిని మాత్రం చూశారు.

కాబట్టి ఆ పెద్దమనిషి లెక్కను నేనిట్లా సవరిస్తాను. ఈస్టు పెంపకం నాలుగు వందల యేళ్ళనాటిది. చక్కెర నెపోలియను కాలపు వారసత్వం. బలానికి 1919 తోడ్పడింది. చిమే వాసనను స్థిరపరచినది 1948. మఠాల పేరును కాపాడుకోవటమైతే ఇంకా ఇటీవలిది. 1952లో లెఫ్ మఠాధిపతి ఒక బయటి కర్మాగారంతో ఒప్పందం చేసుకొని మఠం పేరుతో బీరు కాయించాడు. అటువంటి ఒప్పందాలు పెరిగిన తరువాత, ట్రాపిస్టు మఠాలు ఎనిమిది 1997లో ఒక సంఘంగా ఏర్పడి గుర్తు ఒకటి పెట్టుకొన్నవి. మఠం ఆవరణలోనే కాచాలి, సన్న్యాసుల పర్యవేక్షణ ఉండాలి, లాభం వారి జీవనానికీ ధర్మకార్యాలకూ పోవాలి. రుచి ఎట్లా ఉండాలన్న నియమం అందులో లేదు.

2021లో ఆహెల్ మఠంలో చివరి సన్న్యాసులు వెళ్ళిపోయారు. బీరు కాచటం ఆగలేదు, పద్ధతి మారలేదు, గుర్తు మాత్రం పోయింది. 2023లో ఆ స్థలం అమ్ముడైనది. మిగిలిన మఠాలలోనూ సన్న్యాసులు వృద్ధులవుతున్నారు. వారి తరువాత ఏమవుతుందన్నది బెల్జియంలో నేను కలిసినవారు గొంతు తగ్గించి మాట్లాడే విషయం.

ఫ్రాన్సు సరిహద్దుకు చేరువలో వెస్ట్‌వ్లెటెరెన్ అనే చిన్న మఠం ఉన్నది. దాని నల్లబీరు 10.2 పాళ్ళది. లోకంలోకెల్లా శ్రేష్ఠమైనదని దానికి పేరు. ఆ మఠానికి సొంత ఈస్టు లేదు. నూరు కిలోమీటర్లకు పైబడిన దూరాన ఉన్న వెస్ట్‌మల్లె నుంచి తెచ్చుకొంటారు.